వెలుతురు విరుగుడు సరే, నీళ్లకు పూచీ ఎవరిది?

బంగారు గనుల ప్రస్తావన వచ్చిన ఊళ్లలో ఇప్పుడు ఒక కొత్త మాట వినిపిస్తోంది. "సైనైడు గురించి మీరు ఇంకా పాతకాలపు భయాలే పెట్టుకున్నారు. ఎండతోనే ఆ విషాన్ని విరిచేసే పద్ధతి వచ్చింది. కాంతి ఉత్ప్రేరకం అంటారు. బయటికొచ్చే నీళ్లతో పైరు పెట్టుకోవచ్చు" అని. మన సంఘం వాళ్లం వెళ్లిన ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి చూపించాడు కూడా. ఒకదాంట్లో మురికి నీళ్లు, రెండోదాంట్లో తేట నీళ్లు. సైనైడు కలిసిన నీళ్లకు రంగుండదని, తేటగా కనిపించే గ్లాసే మనిషి ప్రాణం తీయగలదని మాత్రం ఆయన చెప్పలేదు.

మన సంఘానికి సైన్సుతో తగాదా లేదు. విత్తనం దగ్గర్నుంచి బిందు సేద్యం దాకా సైన్సు ఇచ్చిన మంచిని రైతు ఏనాడూ కాదనలేదు. మన తగాదా అంతా ఒక్కటే: ప్రయోగశాలలో రుజువైన సంగతిని చూపించి, చేలో రుజువు కాని హామీకి మనచేత సంతకం పెట్టించుకోవడం.

తులం బంగారం, ఏడు టన్నుల రాయి

ఇది ఎక్కడో పరాయి దేశపు గొడవ కాదు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో బంగారు గని వచ్చింది. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో కళ్లు పెట్టుకుని వెతికే నేల అది. వేరుశనగ, పత్తి, కంది, టమాటా మీద బతికే నేల. చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం నిక్షేపాల మీద మళ్లీ కన్ను పడింది. ఎల్ల దాటితే రాయచూరు జిల్లాలో హట్టి గనులు నడుస్తూనే ఉన్నాయి. కోలారు గనులు 2001లో మూతపడినా వాటి సైనైడు గుట్టలు అక్కడే ఉన్నాయి. ఈ ప్రాంతాలన్నిటా మన భాష మాట్లాడే రైతులున్నారు.

గని అంటే ముద్దలు ముద్దలుగా బంగారం దొరికే చోటు అనుకుంటాం. అసలు లెక్క వేరు. టన్ను రాతిలో గ్రాము, గ్రామున్నర బంగారం ఉంటే కూడా గని గిట్టుబాటే. గ్రామున్నర లెక్కన చూస్తే తులం బంగారానికి దాదాపు ఏడు టన్నుల రాయి తవ్వాలి. దాన్ని పిండిలా నూరి, నీళ్లు కలిపి, సున్నంతో క్షార గుణం తెచ్చి, సోడియం సైనైడు ద్రావణం పట్టిస్తారు. సైనైడు ఆ పిండిలోంచి బంగారాన్ని కరిగించి లాగుతుంది. 1887లో స్కాట్లండులో పేటెంటు పొందిన ఈ పద్ధతే ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కువగా నడుస్తోంది. బంగారం తులమే వెళ్లిపోతుంది. ఏడు టన్నుల పిండి, దాన్ని తడిపిన నీళ్లు, వాటిలో మిగిలిన సైనైడు, రాతిలోంచి విడివడిన ఆర్సెనిక్, రాగి, ఇతర లోహాలు మాత్రం ఊళ్లోనే ఉంటాయి. వాటిని కట్ట పోసి నిలవ చేసే బురద చెరువు మన చేల పక్కనే ఉంటుంది.

బియ్యపు గింజంత సైనైడు మనిషిని చంపుతుంది. లీటరు నీటిలో మిల్లీగ్రాములో పదో వంతు చేరితే చాలు, చాలా రకాల చేపలు తేలిపోతాయి. అందుకే మన దేశపు ప్రమాణం ప్రకారం పరిశ్రమ నుంచి వాగులోకి గాని, సాగు భూమికి గాని వదిలే నీళ్లలో సైనైడు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. తాగునీటిలో అయితే 0.05 మించకూడదు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.

వెలుతురు చేసే పని

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మన గోడలకు వేసే తెల్ల పెయింటులో తెలుపు కోసం కలిపే పొడి పేరు టైటానియం డయాక్సైడు. సన్నని ఆ పొడి మీద అతినీలలోహిత కిరణాలు పడితే దాంట్లోని ఎలక్ట్రాన్లు కదిలి, చుట్టూ ఉన్న నీటితో, ఆక్సిజనుతో కలిసి చాలా చురుకైన పదార్థాలను పుట్టిస్తాయి. అవి సైనైడు మీద పడి దాన్ని ముందు సైనేటుగా మారుస్తాయి. సైనేటు విషం సైనైడుతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకా సాగితే అది కార్బోనేటుగా, నత్రజనిగా, నైట్రేటుగా విడిపోతుంది. ఇంత జరిగినా ఆ తెల్ల పొడి తరగదు. పెళ్లిళ్ల పేరయ్యలాగా సంబంధం కుదిర్చి తాను పక్కకు తప్పుకుంటుంది. ఉత్ప్రేరకం అంటే అదే.

1972లో జపాను శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఈ పదార్థం మీద వెలుగు పడితే నీరు ఎలా విడిపోతుందో చూపించారు. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనే ఇద్దరు ఇదే పొడితో నీటిలోని సైనైడును విరిచి చూపారు. స్పెయిన్‌లో ఎండ దండిగా కాసే అల్మేరియాలో అద్దాలతో ఎండను ఒడిసిపట్టి మురుగునీటి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేస్తున్నారు. ఇదంతా నిజమైన విజ్ఞానం, గౌరవించదగ్గ శ్రమ. రాయలసీమలో ఎండకు కరువు లేదు కాబట్టి మన దగ్గరా పనికొచ్చే విద్యే.

అయితే 1977 నుంచి ఇప్పటికి ఎన్నేళ్లయింది? గనుల్లో ఇవాళ్టికీ ఎక్కువగా నడుస్తున్నవి సల్ఫర్ డయాక్సైడు, గాలి కలిపి పట్టించే పద్ధతి, హైడ్రోజన్ పెరాక్సైడు పద్ధతి. కాంతి పద్ధతి చాలావరకు ప్రయోగశాలల్లోనూ, చిన్న నమూనా యూనిట్లలోనూ నడిచింది. ఎందుకో తెలుసుకోవాలంటే రైతు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి.

మనం అడిగే ప్రశ్నలు

మొదటిది శాతాల లెక్క. "99 శాతం విషం పోతుంది" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల సైనైడు ఉన్న నీళ్లలోంచి 99 శాతం పోతే మిగిలేది 2 మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకునేది 0.2. అంటే 99 శాతం శుభ్రం చేసిన నీళ్లు కూడా హద్దుకు పది రెట్లు ఎక్కువ విషంతో మన వాగులో పడతాయి. కాబట్టి ఎవరు శాతం చెప్పినా ఒప్పుకోవద్దు. "లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు మిగిలింది?" అని అడుగుదాం.

రెండోది ఎండ లెక్క. ఈ పొడికి పనికొచ్చే అతినీలలోహిత కిరణాలు ఎండలో నాలుగైదు శాతమే. మామూలు వెలుతురుకు కూడా పనిచేసేలా దాన్ని మార్చాలని శాస్త్రవేత్తలు కష్టపడుతున్నారు. ఆ పని పూర్తయిందని మనకు చెప్పకండి. గని మిల్లు ఇరవైనాలుగు గంటలూ తిరుగుతుంది. రాత్రి వచ్చిన నీళ్లు ఏమవుతాయి? ముసురు పట్టిన వారం రోజులు ఏమవుతాయి? పైగా బురద నీళ్లలో వెలుతురు జానెడు లోతు కూడా దిగదు. ప్రయోగశాలలో వడకట్టిన నీళ్లకూ మిల్లులోంచి వచ్చే చిక్కటి బురదకూ పోలిక ఏమిటి? దీపాలు పెడతాం అంటే ఆ కరెంటు బిల్లు గని మూతపడ్డాక ఎవరు కడతారు?

మూడోది లోహాల సంగతి. వెలుతురు సైనైడును విరుస్తుంది, ఎందుకంటే సైనైడు కార్బను, నత్రజని కలిసిన జంట. జంటను విడదీస్తే విషం పోతుంది. ఆర్సెనిక్ అలా కాదు. అది మూలకం. దాన్ని విరవడానికి ఏమీ లేదు. రూపం మారుతుంది, చోటు మారుతుంది, పోదు. కర్ణాటకలో యాదగిరి జిల్లా మంగళూరు దగ్గర ఒక బంగారు గని 1994లో మూతపడింది. ఆ పక్కనున్న కిరదళ్లి తండాలో తాగే బోరు నీళ్లలో హద్దు మీరిన ఆర్సెనిక్ ఉందని, జనానికి అరచేతుల్లో, అరికాళ్లలో, ఒంటి మీద ఆర్సెనిక్ చర్మవ్యాధులు వచ్చాయని పరిశోధకులు తేల్చింది గని మూతపడ్డ చాలా ఏళ్ల తర్వాత. తెలంగాణ సరిహద్దుకు అవతలి జిల్లాయే అది. ఆ తండావాళ్లకు ఏ వెలుతురు విరుగుడు పనికొస్తుంది?

నాలుగోది అందరూ దాటేసే సంగతి. రాతిలో ఇనుము ఉంటుంది. సైనైడు ఇనుముతో గట్టిగా ముడిపడితే అంత ప్రమాదం ఉండదని పరీక్షల్లో దాన్ని వేరే పద్దులో వేస్తారు. కానీ అదే ఎండ ఆ ముడిని విప్పి సైనైడును మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. వెలుతురు ఉత్ప్రేరకంతో కలిస్తే మందు, అదే వెలుతురు బయట చెరువు మీద పడితే విషాన్ని విడుదల చేసే చేయి. అందుకే తేలిగ్గా విడివడే సైనైడు ఒక్కటే కొలిచి చూపిస్తే చాలదు. మొత్తం సైనైడు కొలవాలి.

కట్ట తెగితే

వీటన్నిటికీ జవాబులు దొరికాయే అనుకుందాం. శుద్ధి యూనిట్ అద్భుతంగా పనిచేస్తోందే అనుకుందాం. అది పనిచేసేది గొట్టంలోంచి వచ్చే నీళ్ల మీద. చెరువు కట్ట తెగి వచ్చే నీళ్ల మీద కాదు.

రొమేనియాలో బయా మారే అనే ఊరుంది. ఆ ఊరి పక్క పాత గనుల వ్యర్థాలు గుట్టలుగా పడి, దుమ్ము రేగి జనానికి ఇబ్బందిగా ఉండేది. ఆ గుట్టల్లో మిగిలిన బంగారం తీస్తాం, ఊరికి పీడ వదిలిస్తాం అని ఒక విదేశీ కంపెనీ, అక్కడి ప్రభుత్వం కలిసి 1999లో ప్లాంటు పెట్టాయి. నీళ్లన్నీ లోపల్లోపలే తిరుగుతాయి, బయటికి చుక్క రాదు అన్నారు. 2000 జనవరి 30న మంచు కరిగి, వాన తోడై చెరువు పొంగింది. కట్ట తెగింది. దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీళ్లు సోమెష్ నదిలోకి, అక్కడినుంచి హంగరీలో తీసా నదిలోకి, ఆపైన డాన్యూబ్‌లోకి పోయాయి. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి. తప్పు చేసింది ఒక దేశంలో, తాగునీళ్లు ఆపుకుని కూర్చుంది ఇంకో దేశంలో.

ఈ కథ మనకెందుకంటే, కోలారులో మూడు కోట్ల టన్నులకు పైగా వ్యర్థం పదమూడు గుట్టలుగా పడి ఉంది. వాటిలో మిగిలిన బంగారం మళ్లీ తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. పీడ వదిలిస్తాం అన్న మాట బయా మారేలోనూ విన్నాం. మన దగ్గర మంచు పడదు నిజమే. తుపాను వానకు ఒక్క రాత్రిలో చెరువు కట్టలు తెగడం చూడని రైతు మనలో ఎవరున్నారు?

శుద్ధి కేంద్రం ఉంటే చాలా?

మనకు ఇంటి దగ్గరి పాఠం పటాన్‌చెరు. నక్కవాగు నీళ్లు పారించుకుని వరి పండించిన ఊళ్లు 1980ల నుంచే ఫ్యాక్టరీల నీళ్లకు చేలు, బావులు పోగొట్టుకున్నాయి. గోల చేశాక 1990లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. "ఇక సమస్య లేదు" అన్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రంలో శుద్ధయి బయటికొస్తున్న నీళ్లు పరీక్షిస్తే ఒక యాంటీబయాటిక్ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. యంత్రం ఉంది, అనుమతి ఉంది, బోర్డు ఉంది. ఆ మందు కొలవాలని ఏ నిబంధనా లేదు కాబట్టి కొలిచినవాడు లేడు. సముద్రాలు దాటి ఎవరో వచ్చి కొలిస్తే గాని మన వాగు సంగతి మనకు తెలియలేదు.

శుద్ధి యంత్రం పెట్టడం వేరు, నీళ్లు శుద్ధి కావడం వేరు. కొలిచేది ఎవరు, ఆ కొలత ఎవరి కళ్లబడుతుంది అన్నదే అసలు ప్రశ్న. గనివాడే నమూనా తీసి, గనివాడే పరీక్ష చేయించి, గనివాడే కాగితం దాఖలు చేస్తే అది కంచే చేను మేసినట్టు.

రుజువు చేయాల్సింది మనం కాదు

"విషం కలుస్తుందని మీ దగ్గర రుజువుందా?" అని మనల్ని నిలదీస్తారు. ఈ ప్రశ్నకు ఇరవైఅయిదేళ్లకు పైగా కిందటే జవాబు వచ్చింది. మన కుప్పం మీదుగా పారే పాలారు తమిళనాడులోకి దిగాక తోళ్ల ఫ్యాక్టరీల నీళ్లకు బలైంది. అక్కడ దాదాపు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో మొత్తమో పనికిరాకుండా పోయిందన్న సర్వేను ముందు పెట్టుకుని 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని చెప్పింది. దానికంటే ముఖ్యంగా, తన పని వల్ల పర్యావరణానికి హాని లేదని రుజువు చేయాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాడిదేనని చెప్పింది. అంటే రైతు తన బోరు చెడిపోయిందని నిరూపించుకుంటూ కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. చెడిపోదని వాళ్లు ముందే నిరూపించాలి.

తీర్పు ఉంటే సరిపోదని కూడా మనకు తెలుసు. టర్కీలో బెర్గామా దగ్గర పదిహేడు ఊళ్ల రైతులు సైనైడు గని వద్దని 1990లంతా పోరాడారు. 1997లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అయినా 2001లో గని నడిచింది. 2004లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం టర్కీ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. కాగితం మీది న్యాయం ఊళ్లోకి రావాలంటే ఊరు కదిలి ఉండాలి.

అభివృద్ధి నిరోధకులం కాదు

ఇంత చెప్పాక మనల్ని అభివృద్ధి నిరోధకులంటారు. సరే, మన ప్రతిపాదన వినండి. వెలుతురు విద్య అంత గట్టిదైతే దానికి చేయడానికి బోలెడు పని ఇప్పటికే ఉంది. కోలారు గుట్టల అడుగున ఊరే నీళ్ల మీద, ఇప్పుడు నడుస్తున్న గనుల బురద చెరువుల మీద నమూనా యూనిట్ పెట్టండి. ప్రభుత్వ సంస్థల శాస్త్రవేత్తలను కూర్చోబెట్టండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం నడపండి. ప్రతి వారం అంకెలు బయట పెట్టండి. విద్య నెగ్గితే మొదట చప్పట్లు కొట్టేది మేమే. పాత విషం మీద రుజువు చేయకుండా కొత్త విషానికి అనుమతి అడగడమే మాకు అభ్యంతరం.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. గనికి అనుమతి ఇచ్చే ముందే చుట్టుపక్కల బోర్లు, బావులు, చెరువులు అన్నిటి నీళ్లలో మొత్తం సైనైడు, ఆర్సెనిక్, ఇతర లోహాలు, నైట్రేటు కొలిచి ఆ పట్టికను తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలి.

2. శుద్ధి చేసిన నీళ్ల కొలతలు శాతాల్లో కాకుండా లీటరుకు మిల్లీగ్రాముల్లో, పగటివీ రాత్రివీ విడివిడిగా, ప్రతి నెలా ప్రకటించాలి. నమూనా తీసేటప్పుడు గ్రామసభ ఎన్నుకున్న ఇద్దరు రైతులు ఉండాలి.

3. పరీక్షలు గనివాడి డబ్బు చేతి మీదుగా జరగకూడదు. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిలోంచి స్వతంత్ర ప్రయోగశాలకు చెల్లించాలి. ఆ నిధి గని ప్రాంతపు జనం కోసమే ఉంది.

4. శుద్ధిలో మిగిలే లోహాల బురద ఎక్కడ పెడతారో, ఎన్నేళ్లు కాపలా కాస్తారో ప్రజాభిప్రాయ సేకరణకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

5. గని మూసివేతకు తీసుకునే హామీ సొమ్ము హెక్టార్ల లెక్కన కాక, బురద చెరువులో ఉన్న వ్యర్థం లెక్కన ఉండాలి. కట్ట తెగితే ఏ ఊరికి ఎంతసేపట్లో నీళ్లు చేరతాయో చూపే పటం ప్రతి ఊరికీ ఇవ్వాలి.

6. రాత్రి గాని, ముసురులో గాని శుద్ధి ఆగితే మిల్లు కూడా ఆగాలి. దీన్ని అనుమతి పత్రంలో షరతుగా రాయాలి.

ఇప్పుడే చేయాల్సిన పని

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. గని ప్రాంతంలో ఉన్న ప్రతి యూనిట్ సభ్యులూ తమ ఊరి బోర్ల జాబితా రాయండి: సర్వే నంబరు, లోతు, ఏ ఏడాది వేశారు, నీళ్ల రుచి, ఏ పైరు పారుతోంది. ఊరికి కనీసం ఐదు బోర్ల నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయించండి. సైనైడు పరీక్షకు సీసాలో ఊరికే పట్టుకెళితే చెల్లదు. ఎండ తగలకుండా, చల్లగా, క్షారం కలిపి ఉంచాలి. అందుకని ప్రయోగశాలవాళ్లనే పిలిపించి తీయించండి. రిపోర్టు ఒక కాపీ ఊళ్లో, ఒక కాపీ సంఘం ఆఫీసులో భద్రపరచండి. రేపు నీళ్లు చెడితే "మీ నీళ్లు ముందునుంచీ ఇంతే" అనే మాటకు మన చేతిలో ఉండే జవాబు ఆ కాగితం ఒక్కటే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు పొలం పని మానుకుని అయినా రండి. ఎవరైనా బల్ల మీద తేట నీళ్ల గ్లాసు పెట్టి చూపిస్తే కోప్పడొద్దు. ఆ నీళ్లలో లీటరుకు ఎంత సైనైడు ఉందో, ఎంత ఆర్సెనిక్ ఉందో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే ఆ కాగితం మన దగ్గర ఉంటుంది. పెట్టకపోతే ఆ సంగతి సభలో రికార్డు చేయించండి.